గిట్ అంతా వచ్చాకే ఓపెన్ సోర్స్‌కు కోడ్ పంపాలా?

"గిట్ పూర్తిగా నేర్చుకోకుండా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు కోడ్ పంపితే పరువు పోతుందా?" అని అడిగారు. పోదు. గిట్ అంటే కోడ్‌లో చేసిన మార్పులను గుర్తుపెట్టుకునే సాధనం, ఓపెన్ సోర్స్ అంటే ఎవరైనా చూసి, మార్చి పంపగలిగే కోడ్. క్లోన్ (ప్రాజెక్టు కాపీ తెచ్చుకోవడం), బ్రాంచ్ (మార్పులకు వేరే దారి తీయడం), కమిట్ (మార్పును నమోదు చేయడం), పుష్ (దాన్ని పైకి పంపడం) వస్తే చాలు, మొదలుపెట్టేయండి. మిగతాది పని పడ్డప్పుడు వస్తుంది. నాకైతే ఒక్క రాత్రిలో వచ్చింది.

అప్పుడు గుంటూరు బ్రాడీపేటలో అద్దె గదిలో ఉండేవాణ్ణి. తెలుగు వ్యాసాల్లో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడానికి పైథాన్ భాషలో ఎవరో రాసిపెట్టిన ఒక చిన్న లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) వాడాను. ఫలితాల్లో గుంటూరు అనే మాటే లేదు. గ, ట, ర అని మూడు అక్షరాలు విడివిడిగా పడి ఉన్నాయి. విజయవాడేమో వ, జయవ, డ అయింది. పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో (అక్షరాల నమూనాలను వెతికే పద్ధతి) మాటను పట్టే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అక్షరాలను, అంకెలను, అండర్‌స్కోరును మాత్రమే ఒప్పుకుంటుంది. మన గుణింతపు గుర్తులు, సున్నా, పొల్లు యూనికోడ్ (కంప్యూటర్లలో అన్ని లిపులకూ వాడే ప్రమాణం) లెక్కలో అక్షరాలు కావు, మార్కులు. కొమ్ము తగలగానే మాట తెగిపోతుంది. మన ఊరి పేరు అలా ముక్కలై కనిపిస్తే ఊరుకోబుద్ధి కాలేదు.

ఆ లైబ్రరీలో మార్చాల్సింది ఆరు లైన్లే. కానీ నా ఎడిటర్ సేవ్ చేసినప్పుడల్లా ఫైలు మొత్తం ఖాళీలు సర్దేసింది. పుల్ రిక్వెస్ట్ (నా మార్పును కలుపుకోమనే అభ్యర్థన) తెరిస్తే వందల లైన్లు మారినట్టు వచ్చింది. "అసలు మార్పు ఏదో కనిపించడం లేదు, అది ఒక్కటే పంపండి, టెస్టు కూడా రాయండి" అన్నారు ప్రాజెక్టు నడిపేవాళ్లు. న్యాయమే కదా, చదివేవాళ్లకూ కళ్లుంటాయి. సరిచేద్దామని రీబేస్ (కమిట్లను మళ్లీ పేర్చడం) మొదలుపెడితే నా కమిట్ మాయమైంది. రాత్రి పదకొండు, చేతులు వణుకుతున్నాయి. విజయవాడ కృష్ణలంకలో ఉండే సీనియర్ అక్కకు ఫోన్ చేశాను.

"కమిట్ చేశావా, లేదా?"

"చేశానక్కా."

"అయితే ఎక్కడికీ పోదురా. రెఫ్‌లాగ్ కొట్టు."

కొట్టాను. నేను ఇంతకుముందు ఉన్న కమిట్లను వరుసగా చూపించే గిట్ కమాండ్ అది. నాలుగో వరుసలో నాది ఉంది. బ్రాంచి నుంచి తెగిపోయిన కమిట్ జాడను కూడా గిట్ మామూలుగా 30 రోజులు ఉంచుతుందని అప్పుడే తెలిసింది. కమిట్‌లోకి వెళ్లే మార్పులను ఎంచే గిట్ యాడ్ కమాండ్‌కు, ముక్కముక్కగా ఎంచుకోనిచ్చే మైనస్ పీ తగిలించి నా ఆరు లైన్లే ఎంచుకున్నాను. టెస్టులో గుంటూరు ఇచ్చి, ఒకే మాటగా తిరిగి రావాలని రాశాను. తొమ్మిది రోజులకు మెర్జ్ అయింది, అంటే ప్రాజెక్టులో కలిసింది.

మా కాలేజీలో మాత్రం వెర్షన్ కంట్రోల్ (గిట్ లాంటివి చేసే పని) అంటే తేడాలు రాయమనే ఐదు మార్కుల ప్రశ్న. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు పెన్‌డ్రైవ్‌లో జిప్ ఫైలుగా ఇచ్చాం. నాలుగేళ్లలో ఒక్కరూ ఒక్క కమిట్ చేయించలేదు, ఆ కోపం నాకింకా పోలేదు. 2005లో బిట్‌కీపర్ అనే అలాంటి సాధనాన్ని ఉచితంగా వాడుకునే వీలు పోయాక, లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నల్ పని ఆగకూడదని దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాశాడు. అవసరంలో పుట్టినదాన్ని అవసరం లేకుండా నేర్పితే ఎవరికి ఎక్కుతుంది?

రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయం ఉండే ఫైలు) పేరు చేర్చి పుల్ రిక్వెస్ట్ పంపే పని మాత్రం దయచేసి చేయకండి. అది చదివేవాళ్ల సాయంత్రం వృథా. మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌కు మంగళగిరి, తెనాలి ఇచ్చి చూడండి. ఎక్కడో ఒకచోట తెగుతుంది. తెగితే ముందు ఇష్యూ (ప్రాజెక్టు పేజీలో సమస్యను చెప్పే నోటు) రాయండి, ఏమిచ్చారో, ఏం వచ్చిందో చెబుతూ. తర్వాత కొత్త బ్రాంచి తీయండి.