రోమన్ పలకల కవచం ఏ రకమో ఒక్క ఇత్తడి బందును బట్టి చెప్పగలమా?

వేలంలో పెట్టిన ఇత్తడి బందు (రెండు పలకలను కలిపే మడత కీలు) ఫోటో చూపించి, "అమ్మేవాడు కార్‌బ్రిడ్జ్ 'ఎ' రకం అంటున్నాడు, నమ్మొచ్చా?" అని ఒకరు అడిగారు. కార్‌బ్రిడ్జ్ అంటే ఇంగ్లండ్‌లో ఇలాంటి కవచాలు దొరికిన ఊరు; ఆ రకానికి దాని పేరే పెట్టారు, అందులో 'ఎ', 'బి' అని ఉపరకాలున్నాయి. అంచు గుండ్రటి ఒంపులు తిరిగి ఉంది, సైజు చిన్నది. కాబట్టి కార్‌బ్రిడ్జ్ కుటుంబానిదే కావచ్చు. 'ఎ' అని మాత్రం ఈ ఒక్క ముక్కతో ఎవరూ తేల్చలేరు.

ఈ కవచాల పలకలు ఇనుపవి. మట్టిలో తుప్పు ముద్దయిపోతాయి. మిగిలేది ఇత్తడి సామాను: బందులు, బకిళ్లు, కొక్కేలు, తోలు తాడు దూర్చి కట్టే లూపులు. రేకు పల్చన కాబట్టి వాడుతుండగానే ఊడిపోయేవి. నేను ఇక్కడ ఇంగ్లండ్‌లో ఒక రీఎనాక్ట్‌మెంట్ (పాతకాలపు వేషాలతో చరిత్రను మళ్లీ ఆడి చూపే) బృందంలో కార్‌బ్రిడ్జ్ నమూనా తొడుగుతాను. చెయ్యి పైకెత్తితే చాలు, లాగుడంతా భుజం పలకల మధ్య ఉన్న బందు మీదే పడుతుంది. రివెట్ దగ్గర రేకు చిరగడం మాకు మామూలే. రోమన్ కోటల తవ్వకాల్లో ఇవి విడివిడిగా అన్ని దొరకడంలో నాకైతే ఆశ్చర్యం లేదు.

'ఎ', 'బి' తేడా అసలు బందులో లేదు. భుజాల భాగాన్ని నడుము చుట్టూ ఉండే ఇనుప పట్టీలతో ఎలా కలిపారన్న దాంట్లో ఉంది. 'ఎ'లో తోలు పట్టీలు, బకిళ్లు. 'బి'లో వాటి బదులు కొక్కేలు. నడుము పట్టీలను ముందు బిగించే లూపులు రెండింటిలోనూ ఒకటే. అలాగని బకిల్ దొరగ్గానే 'ఎ' అనేయకండి, ఛాతీ పలకలు మూయడానికీ బకిళ్లు వాడేవారు. ఇవన్నీ మనకు తెలిసింది 1964లో కార్‌బ్రిడ్జ్‌లో బయటపడిన చెక్కపెట్టె పుణ్యమే. అందులో కవచాలు అలాగే తుప్పులో అతుక్కుపోవడంతో ఏ ముక్క ఎక్కడ ఉండేదో చెదరకుండా నిలిచింది. రోమ్‌లో సైనికుల శిల్పాలు చెక్కిన ట్రాజన్ స్తంభం మీది బొమ్మలు చూసి ఈ లెక్క వేయలేం. ఆ శిల్పులు బిగింపుల సంగతి పెద్దగా పట్టించుకోలేదు.

కార్‌బ్రిడ్జ్ కంటే ముందుది కల్‌క్రీజ్ రకం. జర్మనీలో క్రీ.శ. 9 నాటి యుద్ధభూమిగా చెప్పే చోట, 2018లో చాలావరకు పూర్తి కవచమే దొరికింది. ఆ తొలి రకం బందులకు ఈ గుండ్రటి ఒంపులు ఇంకా రాలేదు, అంచులు సాదాగా ఉంటాయి. తర్వాతిది స్కాట్లండ్‌లోని న్యూస్టెడ్ రకం, అక్కడ తవ్వింది జేమ్స్ కర్ల్. ఇందులో సామాను పెద్దది, మొరటుది. ఛాతీ దగ్గర బకిల్ బదులు, మన ట్రంకు పెట్టె గొళ్లెంలో చీల దూర్చినట్టు, పలక చీలికలోంచి బయటికొచ్చిన లూపులో చీల వేసేవారు. అలాంటి లూపు కనిపిస్తే రకం విషయంలో పెద్దగా అనుమానం అక్కర్లేదు.

అమ్మేవాణ్ణి వెనకవైపు ఫోటో అడగండి. రివెట్ల దగ్గర ఇనుప తుప్పు అంటుకుని ఉంటే కవచానిదే అనడానికి కొంత బలం వస్తుంది. ఎక్కడ, ఏ పొరలో దొరికిందో కాగితం ఉందా అనీ అడగండి. ఏమీ లేకుండా 'ఎ' అన్న అక్షరం కోసం నేనైతే ఒక్క పౌండు కూడా ఎక్కువ పెట్టను.