నవల సినిమాగా వస్తే కథలోని మార్పులకు రచయితే బాధ్యుడా?

కాదు, సినిమా హక్కులను రాతపూర్వకంగా ఇచ్చిన తరువాత, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, కథను తెరకు ఎలా మలచాలో నిర్మాత, దర్శకుడే నిర్ణయిస్తారు. నవల ఒక మనిషి ఆలోచనను పేజీల కొద్దీ చెప్పగలదు, సినిమా దానినే రెండున్నర గంటల్లో కంటికి కనిపించేలా చేయాలి కనుక కొంత మార్పు తప్పదు.

రాయిటర్స్, బీబీసీలలో విలేకరిగా పనిచేసి నవలా రచయితగా మారిన ఫ్రెడరిక్ ఫోర్సైత్ 1971లో వెలువరించిన ‘ద డే ఆఫ్ ద జాకాల్’లో, ఫ్రాన్స్ అధ్యక్షుడు డీగాల్‌ను చంపడానికి ఒక కిరాయి హంతకుడు పథకం వేస్తాడు. 1973 నాటి సినిమా ఆ కథను చాలావరకు అనుసరించింది. 1997 నాటి ‘ద జాకాల్’ మాత్రం కథాకాలాన్నీ, హంతకుడు గురిపెట్టిన వ్యక్తినీ మార్చేసి, టైటిళ్లలో నవలకు బదులు పాత సినిమా స్క్రీన్‌ప్లేను ఆధారంగా చూపింది.

సినిమా హక్కులు అమ్మితే పుస్తకమే చేజారిపోతుందన్నది చాలామందికి ఉన్న అపోహ. ముద్రణ హక్కు వేరు, చిత్రీకరణ హక్కు వేరు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సంతకం లేని బదిలీ చెల్లదు, గడువు రాయకపోతే అది ఐదేళ్లకే పరిమితం. వరంగల్‌లో, కరీంనగర్‌లో తొలి నవల అచ్చువేసుకున్న రచయితలు ముందుగా చూడవలసింది ఆ గడువు వాక్యాన్నే. హక్కులు ఇచ్చేసినా, తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా రచనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ కింద రచయితకే ఉంటుంది.