డ్రెస్డెన్‌లో ఎక్కడ దిగాలి?

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. జూన్‌లో మేమిద్దరం వెళ్తున్నాం. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఊళ్లో ఉండటం మంచిదా, కొండల దగ్గర బాద్ షండావ్‌లోనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఊళ్లోనే దిగండి సార్. నా ఓటు నాయ్‌స్టాట్ రైల్వే స్టేషన్ పరిసరాలకే. ఎస్1 లోకల్ రైలు అక్కడ ఆగుతుంది. ఒకవైపు పింగాణీకి పేరుపడ్డ మైసెన్, మరోవైపు పిర్నా, రాథెన్, బాద్ షండావ్. రైలు మారే టెన్షన్ ఉండదు. పాతబస్తీలో ఫ్రావెన్‌కిర్ఖె చర్చి ఎదుట హోటల్ ముచ్చటగానే ఉంటుంది గానీ, ఆ కిటికీకి కూడా మీరే డబ్బు కట్టాలి! ట్రామ్‌లో ఎల్బే నది దాటితే చర్చి దగ్గరే.

స్టేషన్‌కు తూర్పున బార్ల వీధులున్నాయి. శనివారం అర్ధరాత్రి దాటినా గోలే, అటు వద్దు. పాత భవనాల్లో చాలావాటికి లిఫ్ట్ ఉండదు. బుక్ చేసేముందే మెయిల్ పెట్టి అడగండి. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ అయితే మరీ మేలు, బ్రెడ్డు త్వరగానే మొహం మొత్తుతుంది. ఆదివారం దుకాణాలు మూసేస్తారు కాబట్టి పాలు, కూరగాయలు శనివారమే తెచ్చుకోండి.

కొండ మీద రాతి శిఖరాల మధ్య కట్టిన బాస్టై వంతెన చూడటానికి అందరూ రాథెన్‌లో దిగి, పడవలో నది దాటి, కొండెక్కుతారు. మేడమ్‌గారికి ఆ దారి వద్దు. పిర్నాలో దిగి బస్సెక్కండి, పైదాకా వెళ్తుంది.