పాతబడ్డ ప్రభుత్వ రిఫైనరీని మూసేస్తే తప్పేముంది? షుఐబాలో పనిచేసినవాడి జవాబు

అడిగినవారి ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. ప్రభుత్వ చమురు రిఫైనరీ పాతబడి, నడపడం భారమైతే మూసేయడంలో తప్పేముంది అన్నది ఒకటి. ఉద్యోగులకు ఎలాగూ వేరేచోట పోస్టింగ్ ఇస్తారు కదా, మరి ఇంత గొడవెందుకు అన్నది రెండోది. మొదటిదానికి నా జవాబు, తప్పేం లేదు. రెండోది చదవగానే మాత్రం ఒళ్లు మండింది. పోస్టింగ్ ఇచ్చేది పర్మనెంట్ వాళ్లకు. రిఫైనరీలో పానా పట్టేవాళ్లలో, పరంజా ఎక్కేవాళ్లలో, ట్యాంకులోకి దిగి మడ్డి తీసేవాళ్లలో నేను చూసినంతవరకు పర్మనెంట్ మనిషి ఒక్కడూ లేడు.

మాది రాజంపేట దగ్గర ఒక పల్లె. కువైట్‌లో ఒక మెయింటెనెన్స్ కాంట్రాక్టు కంపెనీ కింద మెకానికల్ ఫిట్టర్‌గా వెళ్లాను. పని షుఐబా రిఫైనరీలో. 2017 మార్చి నెలాఖరులో దాన్ని శాశ్వతంగా ఆపేసినప్పుడు నేను లోపలే ఉన్నాను. కాబట్టి పుస్తకాల్లో చదివింది కాదు, చూసింది రాస్తున్నాను.

షుఐబా చిన్నాచితకా ప్లాంటు కాదు. కువైట్ ప్రభుత్వానికి చెందిన కేఎన్‌పీసీ అనే చమురు కంపెనీ సొంతంగా కట్టుకున్న మొదటి రిఫైనరీ అది. మిగతా రెండూ, అంటే మీనా అల్ అహ్మదీ, మీనా అబ్దుల్లా, వేరే కంపెనీలు కట్టినవి, తర్వాత కేఎన్‌పీసీ చేతికొచ్చాయి. షుఐబా 1968లో మొదలైంది. పూర్తిగా హైడ్రోజన్ ప్రక్రియల మీద నడిచేలా కట్టిన రిఫైనరీ ప్రపంచంలో అదే మొదటిదని అక్కడివాళ్లు గర్వంగా చెప్పేవాళ్లు. 1990లో ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు బాగా దెబ్బతింది, మళ్లీ నిలబెట్టారు. చివరికి రోజుకు 2 లక్షల బ్యారెళ్ల సామర్థ్యంతో నడిచేది.

ఎందుకు మూశారంటే, సల్ఫర్ వల్ల. యూరప్‌లో, మిగతా చోట్ల గంధకం బాగా తక్కువున్న డీజిల్, పెట్రోలే అమ్మనిస్తున్నారు. యాభై ఏళ్ల నాటి యూనిట్లను ఆ స్థాయికి తేవాలంటే కొత్తది కట్టినంత ఖర్చు. అందుకని కువైట్ వాళ్లు ఆ డబ్బును మిగతా రెండు రిఫైనరీల్లో పెట్టి వాటిని 8 లక్షల బ్యారెళ్లకు పెంచాలని, షుఐబా స్థానంలో దక్షిణాన అల్ జూర్‌లో 6 లక్షల 15 వేల బ్యారెళ్ల కొత్త రిఫైనరీ కట్టాలని నిర్ణయించారు. ఈ ఆలోచనలో నాకు వంక కనిపించదు. పాత ఇనుమును పట్టుకు వేలాడమని నేను చెప్పను.

నా కోపమంతా తేదీ మీద. అల్ జూర్ కాంట్రాక్టుల మీద అక్కడి పార్లమెంటులో రగడ జరిగి 2009లో ఆ ప్రాజెక్టునే రద్దు చేశారు. తర్వాత మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఆలస్యమంతా కలిసి, అల్ జూర్ నుంచి మొదటి సరుకు ఎగుమతి అయ్యేసరికి 2022 నవంబర్ వచ్చింది. షుఐబా ఆగింది 2017లో. మధ్యలో ఐదేళ్లకు పైగా గడిచాయి. షుఐబా ఆగడంతో దేశం మొత్తం శుద్ధి సామర్థ్యం రోజుకు 9 లక్షల 36 వేల నుంచి 7 లక్షల 36 వేల బ్యారెళ్లకు పడిపోయింది. కొత్తిల్లు పునాది దాటకముందే పాతింటి కప్పు విప్పినట్టు. షుఐబా ఇంకో ఐదేళ్లు నడిచేది అని నేను ఈరోజుకీ గట్టిగా చెబుతాను. అక్కడి పంపులు నా చేతుల్తో విప్పి బిగించాను. షాఫ్టులు, బేరింగులు, సీళ్లు ఏ స్థితిలో ఉన్నాయో ఆఫీసులో లెక్కలు వేసినవాళ్లకంటే నాకు బాగా తెలుసు. ప్రతి షట్‌డౌన్‌లో, అంటే రిపేర్ల కోసం ప్లాంటు ఆపినప్పుడల్లా, కొత్త సామాను వేస్తూనే ఉన్నాం.

ఆ రోజుల్లో అక్కడ చర్చ ఎలా ఉండేదో చెప్పాలి. 2016 మొదట్లో చమురు బ్యారెల్ 30 డాలర్ల కిందకు పడింది. ఆ ఏప్రిల్‌లో కువైటీ చమురు కార్మికులు జీతాల కోతకు భయపడి మూడు రోజులు సమ్మె చేశారు. దేశంలో చమురు ఉత్పత్తి సగానికి సగం పైగా పడిపోయింది. ప్రపంచమంతా వార్త అయింది. షుఐబా మూసివేత మాట వచ్చినప్పుడు కూడా కంట్రోల్ రూములో అవే మాటలు. ఎవరిని అహ్మదీకి వేస్తారు, ఎవరిని అబ్దుల్లాకు వేస్తారు, అలవెన్సు తగ్గుతుందా, షిఫ్టు ఇంచార్జి పోస్టు ఉంటుందా. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఇళ్ల నుంచి తెచ్చుకున్న ఖర్జూరాలు, టీ మాకు పెట్టకుండా తాగినవాళ్లు కాదు. కానీ వాళ్ల చర్చలో మేం లేం. పత్రికలో లేం, పార్లమెంటులో లేం. కువైటీ ఉద్యోగి ఒక్కడికి కూడా ఉద్యోగం పోదని ముందే హామీ ఇచ్చారు, ఆ మాట నిలబెట్టుకున్నారు. అంతటితో మనుషుల సమస్య తీరిపోయిందని అందరూ అనుకున్నారు.

ఆపేసే పని ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు. స్విచ్ కట్టేస్తే ఆగేది కాదు రిఫైనరీ. ముందు ఫీడు, అంటే లోపలికి పంపే ముడిచమురు, తగ్గిస్తూ వస్తారు, కొలిమిలో మంట తగ్గిస్తారు, తర్వాత లైన్లలో మిగిలిన నూనె తోడేస్తారు, ప్రెషర్ దించుతారు, ఆవిరి కొడతారు, నైట్రోజన్ పంపి గ్యాసంతా తరిమేస్తారు. ఆ తర్వాత మా పని. ఏ లైనులోంచీ గ్యాసు దొంగతనంగా వెసెల్‌లోకి రాకుండా ఫ్లాంజి, అంటే పైపులు కలిసే చోట బోల్టులు బిగించే అంచు, విప్పి మధ్యలో ఇనుప బిళ్ల పెట్టి బిగిస్తాం. దాన్నే బ్లైండ్ అంటారు. ప్రతి బ్లైండ్‌కు నంబరు, ట్యాగు, పట్టీలో సంతకం. కాలరుకు తగిలించుకున్న గ్యాస్ మీటరు కూత పెట్టిందంటే పానా అక్కడే వదిలేసి గాలికి ఎదురుగా నడవాలి. మామూలు షట్‌డౌన్‌లో పని అయ్యాక అదే పట్టీ పట్టుకుని ఒక్కో బ్లైండ్‌ను తీసేస్తూ వస్తాం. ఒక్కటి మరిచినా యూనిట్ లేవదు. ఆ మార్చిలో మేం బిగించినవి తీయడానికి పట్టీ లేదు. మా ఫోర్‌మెన్ కేరళ ఆయన, ఎంతో కాలంగా అక్కడే ఉన్నాడు. అలవాటు కొద్దీ ఫ్లాంజికి గ్రీజు రాస్తుంటే ఒక హెల్పర్ కుర్రాడు "ఇంకెందుకు సార్" అన్నాడు. ఆయన వాడిని తిట్టి మరీ రాయించాడు. రేపు ఈ సామాను కొనుక్కునేవాడు విప్పాలి కదా అన్నాడు. పనంటే ఆయనకు అంత గౌరవం.

ఆ వారంలోనే క్యాంపులో అసలు సంగతి జరిగింది. మహబూలాలో మా రూములు. రాత్రి అన్నాలు తింటుంటే కంపెనీ మందూబ్ వచ్చాడు. మందూబ్ అంటే అకామాలు (అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్లు), ప్రభుత్వ ఆఫీసుల పనులు చూసే మనిషి. చేతిలో కాగితాల కట్ట, అంతా అరబ్బీలో. "సంతకం పెట్టండి, టికెట్లు వస్తాయి, ఇదంతా మామూలు ఫార్మాలిటీ" అన్నాడు. మాలో రాయచోటి నుంచి వచ్చిన ఒక రిగ్గర్, అంటే బరువైన సామాను తాళ్లతో కట్టి క్రేనుకెత్తించేవాడు, ఉండేవాడు. వయసులో పెద్దవాడు, అందరం మామా అనేవాళ్లం. ఎనిమిదేళ్ల సర్వీసు. చదువు లేదు. చెయ్యి కడుక్కుని, వేలిముద్ర వేయడానికి ముందుకొచ్చాడు.

మా రూములో నెల్లూరు స్టోర్‌కీపర్ ఒకతను ఉండేవాడు, చిన్నప్పుడు మదర్సాలో అరబ్బీ నేర్చుకున్నాడు. కాగితం లాక్కుని చదివాడు. "మామా, ఆగు. ఇందులో టికెట్ మాటే లేదు. నువ్వే నీ ఇష్టంతో ఉద్యోగం మానేస్తున్నావని, కంపెనీ నుంచి నీకు రావాల్సిందేమీ లేదని రాసుంది" అన్నాడు. రూమంతా గప్‌చుప్ అయిపోయింది. మందూబ్ గొంతు పెంచాడు. పెట్టనివాళ్ల మీద పారిపోయారని కేసు రాయిస్తానన్నాడు. మామ అప్పటికి ఒక్క మాటే అన్నాడు: "ఎనిమిదేళ్లు ఈ క్యాంపు దాటి ఎక్కడికీ పోలేదబ్బీ, ఇప్పుడు పారిపోయినానంటే ఎవరు నమ్ముతారు?"

ఆ సంతకం ఎందుకంత ముఖ్యమో చెప్తాను, ఎందుకంటే గల్ఫ్‌కు పోయే మనవాళ్లకు ఇది ఎవరూ చెప్పరు. కువైట్‌లో 2010 నాటి కార్మిక చట్టం ప్రకారం నెల జీతగాడిని కంపెనీ తీసేస్తే మూడు నెలల నోటీసు ఇవ్వాలి, లేదా ఆ జీతం కట్టాలి. సర్వీసు డబ్బులు మొదటి ఐదేళ్లకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం చొప్పున రావాలి. మనిషి తనంతట తానే మానేస్తే, మూడేళ్లు నిండకపోతే ఏమీ రాదు. ఐదేళ్లలోపయితే సగం, పదేళ్లలోపయితే మూడింట రెండు వంతులు. నోటీసు జీతమూ పోయినట్టే. మామ జీతానికి లెక్కేస్తే ఆ ఒక్క వేలిముద్ర విలువ మన లక్ష రూపాయల పైమాట. రూములో ఉన్నవాళ్లందరికీ కలిపితే కంపెనీకి ఎంత మిగిలేదో చూసుకోండి. కర్మాగారం మూసివేతలో ఎవరికి లాభం అని అడుగుతారే, ఇదిగో ఇలాంటి చోట పుడుతుంది లాభం.

ఆ రాత్రి ఎవరూ సంతకం పెట్టలేదు. పొద్దున నెల్లూరు అతను, ఫోర్‌మెన్, ఇంకొందరం కలిసి లేబర్ ఆఫీసుకు వెళ్లి ఫిర్యాదు రాయించాం. జీతం బ్యాంకులో పడ్డ కాగితాలు ఉన్నవాళ్ల పని త్వరగా అయింది. లేనివాళ్లు తిరిగి తిరిగి అలసిపోయి సగానికే ఒప్పుకున్నారు. మామకు చాలావరకు వచ్చింది. ఆ డబ్బుతో కూతురి పెళ్లి అప్పు తీర్చాడు. కొందరికి మీనా అబ్దుల్లా విస్తరణ పనుల్లో చోటు దొరికింది, ఎందుకంటే అప్పుడు అక్కడ పని జోరుమీదుంది. అది కూడా సులువుగా కాదు. ప్రభుత్వ కాంట్రాక్టు మీద కొట్టిన అకామాను ఇంకో కంపెనీకి మార్చుకోవడానికి అప్పట్లో రిలీజ్, అంటే వదిలిపెడుతున్నామన్న ఒప్పుదల, కావాల్సి వచ్చేది. అది ఇవ్వాల్సింది మళ్లీ ఆ పాత కంపెనీయే.

ఇక్కడ మన ఊళ్ల ఏజెంట్ల గురించి ఒక మాట అనకుండా ఉండలేను. ప్రభుత్వ రిఫైనరీలో పని అని చెప్పి లక్షలు గుంజుతారు. ఆ రిఫైనరీకి మూసివేత తేదీ పెట్టేశారని తెలిసి కూడా పంపుతారు. మా బ్యాచ్ తర్వాత వచ్చిన కుర్రాళ్లకు అప్పు వడ్డీ కూడా తీరకముందే షుఐబా ఆగిపోయింది. టీవీలో రిఫైనరీల గురించి గంటలు గంటలు మాట్లాడే పెద్దమనుషులు ఒక్కసారైనా ఈ ఏజెంట్ల సంగతి ఎత్తితే బాగుండు.

ఇది కువైట్ గోడు మాత్రమే అనుకోకండి. ట్రినిడాడ్‌లో పెట్రోట్రిన్ అనే ప్రభుత్వ కంపెనీ తన పాయింట్ ఆ పియర్ రిఫైనరీని 2018 చివర్లో మూసేసింది. అక్కడ కారణం అప్పులు, నష్టాలు, సొంత ముడిచమురు చాలక బయటి నుంచి కొనాల్సి రావడం. యూనియన్ బలమైనది కాబట్టి కొన్ని వేలమంది పర్మనెంట్ ఉద్యోగుల గురించి దేశమంతా చర్చ జరిగింది. గేటు బయట ఆ జీతాల మీద బతికిన కాంట్రాక్టర్లు, హోటళ్లు, టాక్సీల వాళ్ల పేరు మీద పరిహారం కాగితమేదీ పుట్టలేదు. మళ్లీ తెరుస్తామని వచ్చిన ప్రతిపాదనలు ఏళ్ల తరబడి నలుగుతూనే ఉన్నాయి.

మన విశాఖలో రిఫైనరీని మూయలేదు, పెంచారు. 1957లో కాల్‌టెక్స్ మొదలుపెట్టి, 1976లో ప్రభుత్వం చేతికొచ్చిన ఆ ప్లాంటును ఏడాదికి కోటిన్నర టన్నులకు తీసుకెళ్లారు. 1997లో, 2013లో అక్కడ జరిగిన అగ్నిప్రమాదాల తర్వాత, ఊరి మధ్య నుంచి తరలించాలన్న మాట అప్పుడప్పుడు వస్తూనే ఉంటుంది. ఆ మాట నేను కొట్టిపారేయను. 2013లో కూలింగ్ టవర్ దగ్గర చనిపోయినవాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు కూలీలే. ప్రమాదంలో ముందుండేదీ వాళ్లే, మూసేటప్పుడు లెక్కలోకి రానిదీ వాళ్లే. ఉక్కు ఫ్యాక్టరీ విషయంలో 2021 నుంచి ఇన్ని ధర్నాలు చూశాం. పర్మనెంట్ వాళ్ల స్వచ్ఛంద విరమణకు పథకాలున్నాయి. కాంట్రాక్టు వాళ్లను తీసేయడానికి గేటు పాసు రద్దు చేస్తే చాలు.

కాబట్టి ఏ ప్రభుత్వమైనా రిఫైనరీ మూస్తానంటే నేను రెండే అడుగుతాను. దాని బదులు కట్టేది నడిచాకే పాతది ఆపాలి. కాంట్రాక్టు కంపెనీ చివరి బిల్లును, ప్రతి మనిషికీ సర్వీసు డబ్బులు బ్యాంకులో పడ్డ కాగితం చూశాకే చెల్లించాలి. షుఐబాలో ఈ రెండోది చేసి ఉంటే ఆ మందూబ్ మా రూముకు వచ్చేవాడే కాదు.

గల్ఫ్‌లో కాంట్రాక్టు ముగింపు దగ్గరపడ్డవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, అరబ్బీలో ఉన్న ఏ కాగితం మీదా అక్కడికక్కడ సంతకం పెట్టకండి. ఫోనులో ఫోటో తీసి చదవగలిగేవాళ్లకు పంపండి. జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్లు, సివిల్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) కాపీ, కాంట్రాక్టు కాపీ ఇంట్లో ఒకరి ఫోనులో కూడా దాచిపెట్టించండి.