మెడ ఆపరేషన్ అయ్యాక చెయ్యి లేవడం లేదు

ప్రశ్న: మావారికి 58 ఏళ్లు. మెడ దగ్గర వెన్నుపాము నలుగుతోందని వెనక వైపు నుంచి ఆపరేషన్ చేశారు. నడకలో తూలడం తగ్గింది. కానీ మూడో రోజు పొద్దున చొక్కా తొడుక్కోబోతే కుడి చెయ్యి భుజం దగ్గర్నుంచి లేవలేదు. వేళ్లు, పిడికిలి బాగానే ఉన్నాయి. మూడు వారాలైంది. మా సర్జన్ మళ్లీ ఎంఆర్ఐ తీయించి, లోపల రక్తం గడ్డకట్టలేదు, నరం కోలుకుంటుంది అన్నారు. ఆపరేషన్‌లో నరం తెగిందేమోనని నాకు ఒకటే టెన్షన్.

జవాబు: అమ్మా, మొదటి రెండు రోజులూ చెయ్యి లేచిందంటే నరం తెగలేదు. తెగి ఉంటే మత్తు దిగగానే తెలిసిపోయేది. మీ వివరాలను బట్టి ఇది ‘సీ5 పాల్సీ’లా, అంటే మెడలోని అయిదో నరం బలహీనపడినట్టు ఉంది. ఈ రకం ఆపరేషన్ చేయించుకున్న వాళ్లలో నూటికి ఐదుగురికి అటూ ఇటూగా వస్తుంది. నలిగిన వెన్నుపాము చోటు దొరకగానే వెనక్కి జరుగుతుంది, దాంతో పొట్టిగా ఉండే అయిదో నరం లాగినట్టవుతుందని చాలామంది సర్జన్ల అభిప్రాయం. భుజాన్ని లేపే కండరానికి ముఖ్య ఆధారం ఆ నరమే. అందుకే వేళ్లు ఆడుతున్నా చెయ్యి లేవదు. ఇలా జరగొచ్చని ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. చెప్పి ఉంటే మీకు ఇంత భయం ఉండేది కాదు.

ఎక్కువ మందికి ఆరు నెలల్లో బలం తిరిగి వస్తుంది, కొందరికి రెండేళ్ల దాకా పడుతుంది. ఈలోగా భుజం బిగుసుకుపోకూడదు. బిగుసుకుంటే నరం కోలుకున్నా చెయ్యి పైకి రాదు. మీ సర్జన్ సరేనంటే, మీవారిని వెల్లకిలా పడుకోబెట్టండి. ఆయనే తన ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, నొప్పి లేనంత వరకు మెల్లగా తల వైపు తీసుకెళ్లి దించాలి. రోజూ కొన్నిసార్లు చేస్తే చాలు. కూర్చున్నప్పుడు మోచేతి కింద దిండు పెట్టండి. ఆయన్ను పైకి లేపేటప్పుడు మాత్రం ఆ చెయ్యి పట్టి లాగొద్దు, చాలా ఇళ్లలో తెలియక అదే చేస్తారు.

కాళ్లలో బలం తగ్గినా, రెండో చెయ్యి కూడా పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా, ఊపిరి కష్టమైనా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఇప్పుడు నరాల పరీక్ష, అంటే ఈఎంజీ చేయిస్తే దెబ్బ ఎంతో తెలుస్తుంది. నాలుగైదు నెలలు గడిచినా భుజం కండరంలో కదలిక మొదలవకపోతే, నరం మార్పిడి (బాగా పనిచేసే నరాన్ని దెబ్బతిన్న నరానికి కలిపే) ఆపరేషన్లు చేసే సర్జన్‌ను ఓసారి కలవండి. ఏడాది దాటనిస్తే ఆ దారి చాలావరకు మూసుకుపోతుంది.