అరిగిన రాయికి స్పీడు పెంచొచ్చా? పెంచొచ్చు, భయపడాల్సింది కొత్త రాయి ఎక్కించే రోజుకి

మీరు అడిగింది ఇదీ: రాజాంలో వర్క్‌షాపు, 12 అంగుళాల పెడస్టల్ గ్రైండర్ (నేల మీద స్టాండుతో నిలబెట్టేది), రాయి అరిగి అరిగి 8 అంగుళాలకి దిగింది, కోత మందగించింది, కుర్రాళ్లేమో పుల్లీ మార్చి స్పీడు పెంచేద్దాం అంటున్నారు, పెంచితే రాయి పగులుతుందా అని.

లెక్క చూసుకుని పెంచితే పగలదు. కానీ ఆ లెక్క మీకు ఎవరైనా చెప్తారు, అది పెద్ద విషయం కాదు. మా షాపులో రాయి పగిలింది ఒక్కసారే, అదీ అరిగిన రాయి కాదు, అప్పుడే డబ్బాలోంచి తీసిన సరికొత్త రాయి. ఆ సంగతికి వస్తాను, ముందు మీ కోత ఎందుకు తగ్గిందో చూద్దాం. ఎందుకంటే ‘స్పీడు చాలట్లేదు’ అని నా దగ్గరికి వచ్చిన వాళ్లలో సగం మందికి కావాల్సింది స్పీడు కాదు, డ్రెస్సింగు, అంటే రాయి అంచుని గీకి కొత్త గింజలు పైకి తేవడం.

మెషిన్ ఆపేసి రాయి అంచుని వెలుతురులో చూడండి. గాజులా మెరుస్తోందా? రాయిలో కోసే గింజలు మొద్దుబారాయి. అల్యూమినియమో, ఇత్తడో, మెత్తటి ఇనుమో పట్టి రంధ్రాలు పూడుకుపోయి నల్లటి చారలు కనిపిస్తున్నాయా? రాయి మూసుకుపోయింది. ఈ రెండింటికీ మందు డ్రెస్సర్, ఆ గీకే పనిముట్టు. స్పీడు పెంచితే ఇంకా మెరుస్తుంది, సరుకు ఇంకా కాలి నీలం తిరుగుతుంది. అలా కాకుండా, రాయి కింద ఇసుక రాలినట్టు గింజ రాలుతూ, నెల రావాల్సిన రాయి పది రోజుల్లో కరిగిపోతుంటే, అప్పుడు స్పీడు తగ్గిన జబ్బు. షాఫ్టు అదే ఆర్పీఎంలో (నిమిషానికి అన్నే చుట్లు) తిరుగుతున్నా రాయి చిన్నదయ్యే కొద్దీ అంచు వేగం పడిపోతుంది. అంచు వేగం పడిపోతే ఒక్కో గింజ మీద పడే బరువు పెరుగుతుంది, గింజ ముందే ఊడిపోతుంది. రాయి మెత్తబడినట్టు అనిపిస్తుంది కానీ మెత్తబడింది రాయి కాదు.

చిన్నప్పుడు మా వీధిలోకి సైకిల్ మీద సాన పట్టేవాడు వచ్చేవాడు. స్టాండు వేసి, వెనక చక్రానికి తాడు తగిలించి, తొక్కుతూ కత్తిపీటలూ కొడవళ్లూ సాన పట్టేవాడు. రాయి అరిగిపోయాక ఎక్కువ తొక్కేవాడు, కొత్త రాయి వేసిన రోజు కాళ్లకి బరువు తెలిసి తనంతట తానే నెమ్మదించేవాడు. లెక్కా లేదు, పుస్తకమూ లేదు. మోటార్‌కి ఆ కాళ్లు లేవు, అంతే తేడా.

ఇక లెక్క. రాయి వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకోండి, షాఫ్టు ఆర్పీఎంతో గుణించండి, 19,100తో భాగించండి. వచ్చేది అంచు వేగం, సెకనుకి ఇన్ని మీటర్లని. రాయికి రెండు పక్కలా అంటించి ఉండే అట్ట మీద ఎంతవరకు వెళ్లొచ్చో ముద్రించి ఉంటుంది, మామూలు పెడస్టల్ రాళ్ల మీద సాధారణంగా 33 అనో 35 అనో ఉంటుంది. దాని పక్కనే ఒక ఆర్పీఎం కూడా ఉంటుంది, అది రాయి కొత్తగా, నిండు సైజులో ఉన్నప్పటి లెక్క.

మాది బొబ్బిలి. లారీ కమాన్ పట్టీలు, జూట్ మిల్లుల నుంచి వచ్చే షాఫ్టులు, నాగలి కర్రులు, అన్నీ ఆ ఒక్క గ్రైండర్ మీదే. దానికి మెట్ల పుల్లీ, రెండు మెట్లు. మోటార్ 1,440 ఆర్పీఎం. మొదటి మెట్టులో మోటార్ వైపు 7 అంగుళాలు, స్పిండిల్ (రాయి ఎక్కే షాఫ్టు) వైపు 5. రెండో మెట్టులో మోటార్ వైపు 8, స్పిండిల్ వైపు 4. రెండు చోట్లా కలిపితే 12 కాబట్టి బెల్టు అదే సరిపోతుంది. మొదటి మెట్టు మీద స్పిండిల్ 2,016 తిరుగుతుంది, రెండో మెట్టు మీద 2,880. బెల్టు జారుడు తీసేస్తే కొంచెం తక్కువే వస్తుంది కానీ భద్రత లెక్కకి జారుడు లేదనే అనుకోవాలి.

300 మిల్లీమీటర్ల కొత్త రాయి మొదటి మెట్టు మీద 31.7 మీటర్లు వస్తుంది, 33 లోపు. అదే రాయి 200కి అరిగితే 21 మాత్రమే, అందుకే కోత పోతుంది. రెండో మెట్టుకి మారిస్తే 30 దాకా వచ్చి మళ్లీ కొత్త రాయిలా కోస్తుంది. ఎప్పుడు మార్చొచ్చు? రెండో మెట్టు మీద 33 దాటకుండా ఉండాలంటే రాయి 218కి లోపు ఉండాలి. మేము 210 పెట్టుకున్నాం. రాయి చిన్నదైనా మధ్య రంధ్రం సైజు మాత్రం అదే ఉంటుంది కదా, వాడి వాడి దెబ్బలు తిన్న రాయి కూడాను, కొంచెం వెనక్కి ఉండటమే మంచిది. ఇంకో మాట, మెషిన్ కంపెనీ ప్లేటు మీద స్పిండిల్‌కి పై హద్దు ఇచ్చి ఉంటే రాయి ఏం చెప్పినా అక్కడే ఆగిపోవాలి, బేరింగులకీ ఒక ఓపిక ఉంటుంది.

ఇప్పుడు ఆ కొత్త రాయి సంగతి. అదే రెండో మెట్టు మీద 300 రాయి ఎక్కిస్తే ఎంత వస్తుందో లెక్క కట్టండి. 45. రాయిని చీల్చే బలం వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 31.7 నుంచి 45కి అంటే లోపలి బిగువు రెట్టింపు దాటిపోయింది. 45 మీటర్లంటే గంటకి 160 కిలోమీటర్ల పైమాట, ముక్క ఊడితే ఆ వేగంతో బయల్దేరుతుంది.

మా మేనల్లుడు సరిగ్గా అదే చేశాడు. తప్పు వాడిది కాదు, నాది. ముందు వారం బెల్టు రెండో మెట్టు మీదికి మార్చింది నేను, మార్చానని ఎవరికీ చెప్పలేదు, రాయలేదు. శనివారం మధ్యాహ్నం నేను భోజనానికి వెళ్లాను. రాయి మరీ చిన్నదైపోయిందని వాడు బుద్ధిగా కొత్తది తీశాడు, కుండ తట్టి చూసినట్టు చెక్క పిడితో తట్టి చూశాడు, ఖంగుమంది, అట్టలు చిరగకుండా రాయిని రెండు పక్కలా పట్టే ఫ్లాంజిలు బిగించాడు, గార్డు పెట్టాడు. అన్నీ పద్ధతి ప్రకారమే. బెల్టు కవర్ మాత్రం తెరవలేదు, రాయి మార్చడానికి ఆ కవర్ తెరవాల్సిన పని లేదు మరి. నేను గుమ్మంలోకి వస్తుంటే స్విచ్ వేసి పక్కకి జరిగాడు. కొత్త రాయిని ఒక నిమిషం ఖాళీగా తిప్పాలి, ఆ నిమిషం ఎదురుగా నిలబడకూడదు అని మా నాన్న పెట్టిన అలవాటు.

‘మావా, ఏటిది ఇలా కూత పెడతంది?’ అన్నాడు. నాకు కూత వినిపించింది, కారణం తట్టేలోపే పగిలింది. మూడు ముక్కలు. ఒకటి గార్డులోనే ఇరుక్కుంది, ఒకటి సరుకు ఆనించే టూల్ రెస్ట్‌ని వంచేసి వైస్ కింద పడింది, మూడోది రేకుల కప్పుకి కంత పెట్టి వెనకాల చేలోకి పోయింది. వాడి మోచేతికి చిన్న ముక్క గీరుకుంది, నాలుగు కుట్లు. అర అడుగు కుడివైపు నిలబడి ఉంటే ఏమయ్యేదో అన్న మాట ఇప్పటికీ మా అక్క దగ్గర ఎత్తను. ఆ కంతకి అతుకు వేయించాను కానీ కింద నుంచి చూస్తే తెలుస్తుంది.

తర్వాత చాలామంది చాలా సలహాలు ఇచ్చారు. బోర్డు రాయమన్నారు, రాశాం. అసలు 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 30వ సెక్షన్‌లోనే ఉండేది ఇది, గ్రైండర్ దగ్గర రాయికి సురక్షితమైన అంచు వేగం ఎంత, షాఫ్టు స్పీడు ఎంత, దానికి పుల్లీ సైజు ఎంత ఉండాలో రాసిపెట్టాలని. పుల్లీ సైజు కూడా రాయమన్నవాడు ఎవడో షాపులో చేతులు మసి చేసుకున్నవాడే అయి ఉంటాడు. కానీ బోర్డు ఆరు నెలలు పోతే గోడలో కలిసిపోతుంది, ఎవరూ చదవరు. మతిమరుపుకి బోర్డు మందు కాదు, మరిచిపోయినా పని జరగకుండా అడ్డం ఉండాలి.

మేము చేసింది ఇదీ. ఐదు మిల్లీమీటర్ల మందం ఇనుప పట్టీ ఒకటి తీసుకుని తక్కెడ కాడలా మధ్యలో పిన్ను మీద తిరిగేలా బిగించాం. ఒక కొస స్పిండిల్ పుల్లీ రెండో మెట్టు గాడికి అడ్డంగా కూర్చుంటుంది, అది అక్కడున్నంత సేపు ఆ గాడిలో బెల్టు పడదు. దాన్ని పక్కకి తిప్పాలంటే రెండో కొస గార్డుకి కోసిన చీలికలోంచి లోపలికి పోవాలి, స్పిండిల్ సెంటర్ నుంచి 108 మిల్లీమీటర్ల దాకా. నిండు రాయి ఉంటే అక్కడ ఖాళీ ఉండదు, పట్టీ రాయికి తగిలి ఆగిపోతుంది. రాయి 210కి అరిగితే, అంటే సెంటర్ నుంచి 105కి వస్తే, పట్టీ తగలకుండా లోపలికి వెళ్తుంది, గాడి తెరుచుకుంటుంది, బెల్టు మారుతుంది. తిరగేసి చూడండి: బెల్టు రెండో మెట్టు మీద ఉన్నంత సేపు పట్టీ వెనక్కి రాదు, పట్టీ లోపల ఉన్నంత సేపు కొత్త రాయి పట్టదు. ముందు బెల్టు కిందికి దించితేనే కొత్త రాయి ఎక్కుతుంది. అదురుకి జరగకుండా రెండు చోట్లా ఒక్కో బోల్టు. మా ఖర్చు ఒక పూట పని, నాలుగు వెల్డింగ్ రాడ్లు. కొత్త రాయి పట్టడం లేదేమిటని మా వాళ్లు ఇప్పటికి రెండుసార్లు తిట్టుకున్నారు. రెండుసార్లూ బెల్టు పైమెట్టు మీదే ఉంది.

మీరు పుల్లీ బదులు వీఎఫ్‌డీ (కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి మోటార్ స్పీడు మార్చే డ్రైవ్) పెడదామనుకుంటే ఇంకా జాగ్రత్త. బెల్టుకైతే కవర్ తీసి చూస్తే తెలుస్తుంది, డ్రైవ్‌లో నిన్న ఎవరు ఎంత పెట్టారో మెషిన్ ఆగి ఉంటే కంటికి ఆనదు. తిప్పే నాబ్ అసలు పెట్టకండి. రెండే స్పీడులు ఫిక్స్ చేయించి, పై స్పీడు సిగ్నల్‌ని ఇలాంటి పట్టీకి తగిలించిన లిమిట్ స్విచ్ (పట్టీ నొక్కితేనే పడే స్విచ్) ద్వారా పంపండి, గరిష్ఠ ఫ్రీక్వెన్సీకి పాస్‌వర్డ్ వేయించండి. 50 హెర్ట్జ్ దాటాక మామూలు మోటార్ టార్క్ తగ్గుతూ వస్తుందని కూడా గుర్తుంచుకోండి, స్పీడు ఉన్నా గట్టిగా ఆనిస్తే చతికిలపడుతుంది.

స్పీడు గురించి ఇంత మాట్లాడేవాళ్లు టూల్ రెస్ట్ జరపరు, అదొకటి నాకు ఒళ్లు మండుతుంది. రాయి 12 నుంచి 8కి అరిగిందంటే రెస్ట్‌కీ రాయికీ మధ్య రెండు అంగుళాల సందు వచ్చినట్టు. అందులోకి సరుకు దూరి ఇరుక్కుంటే స్పీడు ఎంతైనా రాయి పగులుతుంది, దాంతో పాటు వేలూ పోతుంది. సందు 3 మిల్లీమీటర్లు దాటకూడదు, పైన గార్డు నాలుకకి (రాయి దగ్గరికి జరిపే రేకు) 6. మెషిన్ ఆపి జరపండి, తిరుగుతుండగా కాదు.

చేతి గ్రైండర్‌కి మాత్రం ఇదేదీ వర్తించదు. అరిగిన 7 అంగుళాల డిస్కుని గార్డు తీసేసి 4 అంగుళాల మెషిన్‌కి తగిలించేవాళ్లని చాలా చోట్ల చూశాను. 125 మిల్లీమీటర్లకి అరిగిన డిస్కు 11,000 ఆర్పీఎం మీద 72 మీటర్లే వస్తుంది, డిస్కు మీద 80 అని ఉంది కదా అని వాదిస్తారు. లెక్క కరెక్టే. కానీ రంధ్రం 22, మెషిన్‌కి పట్టేది 16, మధ్యలో ఏదో రింగు దూర్చి బిగిస్తారు, గార్డు లేదు, చేతిలో వంకరగా పట్టుకుంటారు. డిస్కు మీద రాసిన 8,500 దాటొద్దు, అంతే.

మీ రాయి అట్ట మీద ఉన్న మీటర్ల అంకె, మోటార్ నేమ్ ప్లేటు మీద ఆర్పీఎం, రెండు పుల్లీల కొలతలు, రాయి ఇప్పటి వ్యాసం టేపు పెట్టి కొలిచి కింద రాయండి. ‘సుమారు 8 అంగుళాలు’ అని కాదు, మిల్లీమీటర్లలో. రాత్రి షాపు కట్టేశాక చూసి ఏ సైజు దగ్గర మార్చాలో లెక్క కట్టి పెడతాను, పట్టీ ఫొటో కూడా పెడతాను. అప్పటిదాకా రాయిని డ్రెస్ చేసి, రెస్ట్ జరిపి, ఉన్న స్పీడులోనే నడపండి.