6 లక్షల సీటీసీ అంటే నెలకు 50 వేలు చేతికొస్తాయా?

రావు; సీటీసీ అంటే మీ మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, చేతికొచ్చే జీతం అందులో ఒక భాగమే. కంపెనీ కట్టే పీఎఫ్, ఎప్పుడో ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా ఆ అంకెలోనే కలిపేస్తారు.

బేసిక్, అంటే మూల వేతనం, నెలకు 25,000 అనుకుందాం. నెలకు 50,000లో కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 3,000. మీ వాటా మరో 3,000. గ్రాట్యుటీ సుమారు 1,200. తెలుగు రాష్ట్రాల్లో వృత్తి పన్ను 200. ఇవి పోగా బ్యాంకులో పడేది దాదాపు 42,600. వేరియబుల్ పే, అంటే పనితీరును బట్టి ఇచ్చే భాగం ఉంటే ఇంకా తగ్గుతుంది. ఆఫర్ లెటర్లో ముందు చూడాల్సింది అదే, ఎందుకంటే అది పూర్తిగా వస్తుందన్న గ్యారంటీ లేదు.

కోత అంతా ఇన్‌కమ్ ట్యాక్సే అనుకుంటారు చాలామంది. నిజానికి కొత్త పన్ను విధానంలో ఈ జీతానికి ఆ పన్నే పడదు.